గడప లేని హోటల్

మా ఎదురింటి బాల్కనీ కమ్మికి నాలుగు రోజుల క్రితం వేపకొమ్మ కట్టారు.

మేముండేది నందిగామలో, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో. ఎదుటి బిల్డింగుకీ మాకూ మధ్య ఒక చిన్న సందు, అంతే. ఆ ఇంట్లో అమ్మాయి తొమ్మిదో తరగతి పరీక్షలు రాసింది. సెలవులు కదా, పొద్దున్నే స్నేహితురాళ్ళతో సైకిలు మీద ఊరంతా చుట్టి, చెమటలు కారుతుండగానే మా ఇంట్లోకి వచ్చేది. "ఆంటీ, పాప లేచిందా?" అనేది చెప్పులు విడవకముందే. మా పాపకు రెండు నెలలు. నా చేతుల్లో ఎంత ఏడిచినా ఆ అమ్మాయి భుజం మీదకు వెళ్ళగానే మానేసేది.

ఆ కొమ్మ కట్టిన రోజు మధ్యాహ్నం వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"ఏమనుకోవద్దమ్మా. దీనికి పొద్దున అమ్మవారు పోసింది. నిన్న సాయంత్రం కూడా మీ పాపని ఎత్తుకుంది కదా... నిజంగా మాకు తెలియదమ్మా."

"పర్లేదక్కా. పిల్ల జాగ్రత్త," అన్నాను.

డాక్టరు దగ్గరకు పరుగెత్తాం. ఆయన పాపను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడే ఏం చెప్పలేమమ్మా. మూడు వారాలు కనిపెట్టుకుని ఉండండి. ఒళ్ళు కాస్త వెచ్చబడినా వెంటనే తీసుకొచ్చేయండి," అన్నాడు. అప్పటి నుంచి గంటకోసారి గౌను ఎత్తి పొట్ట చూస్తున్నాను. దోమ కుట్టిన మచ్చ కనిపించినా వెలుతురులోకి తీసుకెళ్ళి మళ్ళీ చూస్తున్నాను. మా అత్తగారు మాత్రం మాటిమాటికీ, "ఆ పిల్లకి బుద్ధుండక్కర్లా, పసిగుడ్డుని ఎత్తుకోడానికి?" అంటున్నారు. నాకు మాత్రం ఆ పిల్లను ఒక్క మాట అనడానికి కూడా నోరు రావడం లేదు. ఎందుకు రావడం లేదో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పాప పడుకుంది కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. జగ్గయ్యపేట నుంచి పెనుగంచిప్రోలు వెళ్ళే దారిలో మా ఊరు. మాకు జగ్గయ్యపేట అంటే పేట, అంతే. నాన్న అక్కడ బడిలో మాస్టారు. ఆ వేసవిలో, బడికి సెలవులిచ్చిన మూడో రోజున, మా తమ్ముడికి అమ్మవారు పోసింది.

నానమ్మ ఇంటి తీరే మార్చేసింది. గడపకు వేపమండలు. తమ్ముడి పక్క మీద వేపాకు పరుపు. బయటి నుంచి నాన్న వచ్చినా కాళ్ళ మీద పసుపునీళ్ళు చల్లుకోవలసిందే. ఇంట్లో బాణలి ఎక్కకూడదు, తాలింపు వేయకూడదు. ఆవాల చిటపట లేదు, ఇంగువ వాసన లేదు, ఎండుమిరపకాయ ఘాటు లేదు. ఉడకబెట్టిన పెసరపప్పు, పెరుగన్నం, మళ్ళీ పెరుగన్నం. తాలింపు వాసన లేని ఇల్లు ఇల్లులా ఉండదని నాకు అప్పుడే తెలిసింది. పొరుగింటి వాళ్ళు చేపలు వేయిస్తుంటే ఎన్నడూ తినని నేను కూడా గోడ దగ్గర నిలబడి ముక్కు ఎగబీల్చాను.

ఇంకొకటి. తమ్ముణ్ణి తిట్టకూడదు. వాడి ఒంట్లో అమ్మవారు ఉంది కాబట్టి వాడేం అడిగినా కాదనకూడదు. నానమ్మ వాడి మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి, "ఏం కావాలమ్మా? చెప్పు తల్లీ, చల్లంగా చూడు తల్లీ," అనేది. ఎనిమిదేళ్ళ వెధవకు ఇంతకంటే ఏం కావాలి?

"అక్కని ఒంటికాలి మీద నుంచోమను," అన్నాడు.

"నుంచోవే," అంది నానమ్మ.

"నానమ్మా! వాడు కావాలని..."

"వాడు కాదే అడిగేది, తల్లి! నుంచో."

నుంచున్నాను. వాడు వేపమండతో మొహం కప్పుకుని లోపల నవ్వుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నా బొమ్మల పుస్తకం, నా కొత్త పెన్ను, నా వంతు పుచ్చకాయ ముక్క, అన్నీ అమ్మవారే తీసుకుంది.

ఐదో రోజు, ఏడో రోజు, తొమ్మిదో రోజు వాడికి వేపాకు వేసి కాచిన నీళ్ళు పోశారు. పొక్కులు మాడిపోయాయి. ఇక పెనుగంచిప్రోలు వెళ్ళి అమ్మవారికి పానకం పోసి రావాలి. శుక్రవారమే పోయాలి. ఆ శుక్రవారానికి అమ్మ బయట చేరింది. దాంతో ఇంకో వారం ఆగాలి అన్నారు.

"పానకం పోసి వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు ఎవరూ ఎవరి గడపా తొక్కకూడదు. విన్నావా?" అంది నానమ్మ నా వైపే చూస్తూ.

విన్నాను. ఇంకో వారం అదే పెసరపప్పు.

నాకు ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒకమ్మాయి వాళ్ళకు ఊళ్ళో కిరాణా కొట్టు ఉంది. మాటకు మాట అతికించడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. ఇంకో అమ్మాయి మా అందరిలోకీ పొడుగు. మాట్లాడేది తక్కువ. ఇద్దరికీ చిన్నప్పుడే అమ్మవారు పోసిపోయింది కాబట్టి వాళ్ళకు మా ఇంటి భయం లేదు. బుధవారం పొద్దున్న సైకిళ్ళ మీద వచ్చి మా గోడ అవతల నిలబడి గంట కొట్టారు.

"మున్నేటికి పోతున్నాం. వస్తావా?" అంది కొట్టువాళ్ళమ్మాయి.

"నేను రాకూడదు. ఎవరి గడపా తొక్కొద్దంది నానమ్మ."

అది ఒక్క క్షణం ఆలోచించింది. "ఏటికి గడపుందా?"

"లేదు."

"ఒడ్డున హోటలు తాటాకు పందిరి. నాలుగు గుంజలు, పైన ఆకు. దానికి గడపుందా?"

"లేదు."

"మరి ఇంకేంటే? పునుగులు వేడివేడిగా వేస్తుందంట. మా నాన్న మొన్న తిని వచ్చాడు."

పునుగులు అన్న మాటకు నా నోట్లో నీళ్ళు ఊరాయి. పొడుగమ్మాయి మాత్రం, "నానమ్మ అంటే మామూలుగా అంటుందా..." అని ఏదో అనబోయి ఆగిపోయింది. గడప అన్న మాటను మేం ముగ్గురం అన్ని వైపులా తిప్పి చూశాం. ఎటు చూసినా పందిరికి గడప లేదు. నానమ్మ మధ్యాహ్నం నిద్రకు వాలగానే నా సైకిలు చప్పుడు కాకుండా తోసుకుంటూ వీధి మలుపు దాకా నడిచాను.

ఆ ఎండ ఇప్పటికీ నెత్తి మీద ఉన్నట్టే ఉంటుంది. దారికి ఒక పక్క పత్తి కట్టె కుప్పలు, ఇంకో పక్క మిరప కల్లాలు. కాయలు ఎత్తేసి చాలా రోజులైనా నేలలో ఘాటు అలాగే ఉండేది. అక్కడికి రాగానే ముగ్గురం వరసగా తుమ్మేవాళ్ళం. సిమెంటు రాయి లారీ వచ్చినప్పుడల్లా సైకిళ్ళు దిగి, ఓణీలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దుమ్ము తగ్గేదాకా కళ్ళు మూసుకునేవాళ్ళం. కళ్ళు తెరిస్తే ముగ్గురి కనురెప్పలూ తెల్లగా ఉండేవి. అది చూసి నవ్వడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టేది.

తుమ్మచెట్టు నీడలో గేదెలు కాస్తున్న ఒక తాత మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏందే, ఆడపిల్లలు ఎండనబడి తిరుగుతున్నారు? ఎవరి పిల్లలే మీరు? మీ నాన్నలకి చెప్తా ఉండండి!"

"చెప్పు తాతా! ఎవరి పిల్లలమో నువ్వే కనుక్కుని చెప్పు!" అని అరిచి కొట్టువాళ్ళమ్మాయి పెడళ్ళ మీద నిలబడి తొక్కింది. ఆయన విసిరిన మట్టిబెడ్డ మా దాకా రాలేదు.

నాకు మాత్రం తల దిమ్ముగా ఉంది. వీపు నొప్పిగా ఉంది. ఎండదెబ్బ అనుకున్నాను. రెండు చోట్ల సైకిలు దిగి నడిచాను. "పదిహేను రోజులు పెరుగన్నం తింటే ఇంతే," అని వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

మున్నేరు అప్పటికి సన్నగా అయిపోయింది. ఇసుక మధ్యలో ఒక నీటి పాయ, అంతే. ఇసుకలో చెలమలు తవ్వుకుని ఆడవాళ్ళు చిప్పలతో నీళ్ళు తోడుకుంటున్నారు. గట్టు మీద, గుడికి వచ్చేపోయే వాళ్ళ కోసం వేసిన పందిరి. ఒక మట్టిపొయ్యి, రెండు బల్లలు, ఒక కుండ. అదే హోటలు. పొయ్యి దగ్గర ఒకామె కూర్చుని పునుగులు వేస్తోంది. ఆమె భర్త కావడితో చెలమ నుంచి నీళ్ళు మోస్తున్నాడు.

నూనె వాసన తగిలిన చోటే నేను సైకిలు పడేశాను. స్టాండు కూడా వేయలేదు.

"ఏం పిల్లలే మీరు, గింత ఎండల వచ్చిన్రు? ఇండ్లల్ల ఎవరు లేరా?" అంది ఆమె. పుట్టిల్లు మధిర పక్కనట, మాట అలాగే ఉండేది.

"పునుగుల కోసం వచ్చామక్కా," అంది కొట్టువాళ్ళమ్మాయి.

"పునుగుల కోసం వచ్చిన్రా, ఇల్లొదిలి పారిపోయి వచ్చిన్రా?" అని నవ్వింది. నవ్వితే బాణలి వేడికి ఎర్రబడ్డ మొహం చిన్నపిల్ల మొహంలా ఉండేది. మాకంటే ఐదారేళ్ళు పెద్దదేమో.

పందిరి గుంజకూ గుంజకూ మధ్య చీర ఊయల కట్టి ఉంది. అందులోంచి సన్నగా ఏడుపు మొదలైంది. ఆమె చేతులు మోచేతుల దాకా పిండి. భర్త ఇంకా ఇసుకలోనే ఉన్నాడు. ఏడుపు పెద్దదైంది. ఆమె మా ముగ్గురి వైపూ చూసింది. ఊయలకు దగ్గరగా ఉన్నది నేనే.

"ఓ పిల్లా, జర ఎత్తుకోరాదు? ఈ వాయి తీసి వస్త. నెల దాటిందంతే, మెడ నిలబడలే. తల కింద చెయ్యి పెట్టు."

పొడుగమ్మాయి నన్ను చూసింది. కొట్టువాళ్ళమ్మాయి కూడా చూసింది. అప్పుడు నేను ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. మా ఇంట్లో అమ్మవారు ఉందక్కా అంటే చాలు, ఆమె పిండి చేతులతోనే లేచి వచ్చేది. కానీ చెబితే పునుగులు పెట్టదేమో, తరిమేస్తుందేమో, ఈ మాట నాన్న దాకా వెళుతుందేమో. ఇవన్నీ ఒక్క నిమిషంలో అనుకున్నాను. నాకేం పొక్కులు లేవు కదా అని కూడా అనుకున్నాను. ఇద్దరిలో ఒకరు ఎత్తుకోవచ్చు కదా అన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు. ఊయలలోకి చేతులు పెట్టాను.

ఆడపిల్ల. నుదుటి మీద పెద్ద కాటుక బొట్టు, ఒంటి నిండా ఆముదం, సాంబ్రాణి వాసన. ఎత్తుకోగానే నా మెడలో మొహం దూర్చి, చెమట పట్టిన నా చర్మాన్ని చప్పరించబోయి, అది అమ్మ కాదని తెలిసి రెండుసార్లు వెక్కి నిద్రపోయింది. ఊపిరి నా గొంతుకు వెచ్చగా తగులుతూ ఉంది. ఆ బరువు ఎంతో ఇప్పటికీ నా చేతులకు తెలుసు. మా పాపను మొదటిసారి నర్సు నా చేతిలో పెట్టినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ బరువే.

"చేతి గుణం మంచిదే నీది," అంది ఆమె. నాకు అందరికంటే రెండు పునుగులు ఎక్కువ వేసింది. పాపను భుజం మీద పడుకోబెట్టుకునే, ఒక్క చేత్తో తిన్నాను. అల్లప్పచ్చడి, ఉల్లిపాయ ముక్కలు. పదిహేను రోజుల తర్వాత నాలుక మీద కారం. అంత రుచి మళ్ళీ దేనిలోనూ దొరకలేదు. నిజం చెప్పాలంటే దొరకాలని కూడా కోరుకోలేదు.

తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. మధ్యాహ్నానికి మెడ మీద, చెవి వెనక నీటి పొక్కులు. పాప మొహం పెట్టుకుని పడుకున్న చోటే మొదలయ్యాయి.

నానమ్మ దండం పెట్టింది. "దీన్ని కూడా కరుణించావా తల్లీ," అంది. అమ్మ మాత్రం నా కళ్ళల్లోకి చూసి, "ఎక్కడికైనా వెళ్ళావా?" అని అడిగింది.

"లేదు," అన్నాను.

ఇప్పుడు వేపాకు పరుపు మీద నేను. మంచం పక్కన నానమ్మ చేతులు కట్టుకుని నిలబడి, "ఏం కావాలమ్మా? అడుగు తల్లీ, నీ మాట కాదనం," అంది. తమ్ముడు గుమ్మంలో ఒంటికాలి మీద ముందే నిలబడి ఉన్నాడు, నేను అదే అడుగుతానని.

ఆ ఇంట్లో నేనేం చెప్పినా జరిగే రోజులవి. ఏటి ఒడ్డున హోటల్లో నెల పాపుంది, ఎవరైనా వెళ్ళి చూసి రండి, ఆ పాపను వెంటనే డాక్టరుకు చూపించమనండి అంటే నాన్న ఆ క్షణంలో వెళ్ళేవారు. ఎందుకని కూడా అడిగేవారు కాదు, అమ్మవారు చెప్పింది కాబట్టి. నాకు ఆ మాట గొంతు దాకా వచ్చింది.

"తాటిముంజలు కావాలి," అన్నాను.

నాన్న ఎండలో వెళ్ళి ముంజలు తెచ్చారు.

నాకు నీళ్ళు పోయడం అయ్యాక, వచ్చిన రెండో శుక్రవారం ఇద్దరి మొక్కూ కలిపి తీర్చడానికి ఆటో మాట్లాడారు. నానమ్మ ఒళ్ళో పానకం బిందె. నా మొహం నిండా మాడిన మచ్చలు. గట్టు మలుపు తిరగ్గానే నాన్న, "ఇక్కడ టీ బాగుంటుందట, ఆపు," అన్నారు ఆటో అతనితో.

పొయ్యి వెలగడం లేదు. బల్లలు తిరగేసి ఉన్నాయి. ఆ పందిరికి గడప లేదు కదా. అందుకని ముందు గుంజకు కట్టారు వేపకొమ్మ.

ఆమె భర్త కావడి బద్ద మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. "టీ లేదండి. ఇంట్లో అమ్మ ఉంది."

నానమ్మ ఆటోలోంచే చేతులు జోడించింది. "ఎవరికయ్యా?"

"పసిదానికండి. ఒళ్ళంతా పోసింది. పాలు తాగట్లేదండి. వాళ్ళమ్మ పక్కలోంచి లేవడం లేదు."

"చల్లబడుద్దిలే నాయనా. మా ఇంట్లో ఇద్దరికీ పోసి చల్లబడలా? అమ్మకి చెప్పుకుంటాం, మీ పాప పేరున కూడా పోస్తాం."

అప్పుడతను వంగి ఆటో లోపలికి చూశాడు. నా మొహం చూశాడు. ఆ రోజు కావడి దించేసరికి పాప నా భుజం మీదే ఉంది. గుర్తుపట్టాడనుకున్నాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండని కూడా అనిపించింది.

"ఈ పాపక్కూడానా, పాపం," అన్నాడు.

ఆటో కదిలింది. నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. పందిరి వెనక గుడిసె తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎవరైనా ఒక్కసారి ఆ పాపను ఎత్తి చూపిస్తే చాలు, కళ్ళు తెరిచి ఉందో లేదో చూసుకుంటే చాలు అనుకున్నాను. తలుపు తెరుచుకోలేదు. గుడిలో నానమ్మ మూడు చెంబుల పానకం పోసింది. మూడోది పోస్తున్నప్పుడు నేను ఏడిచాను. "భక్తి కుదిరింది దీనికి," అంది నానమ్మ.

బడులు తెరిచారు. ఆ ఏడాది వానలకు మున్నేరు గట్టు తెగేలా వచ్చింది. దసరా సెలవుల్లో ముగ్గురం మళ్ళీ సైకిళ్ళ మీద వెళ్ళాం. దారిలో ఎవరం నవ్వలేదు. మలుపులో పందిరి లేదు. గుంజలు పాతిన నాలుగు గుంతలు, వాటిలో నీళ్ళు. పక్కన కొత్తగా వచ్చిన కిళ్ళీకొట్టు అతన్ని కొట్టువాళ్ళమ్మాయే అడిగింది.

"వాళ్ళా? వెళ్ళిపోయారు కదమ్మా. ఆమె పుట్టింటి వైపేమో."

"పాపని తీసుకునే వెళ్ళారా?" అన్నాను.

"ఏ పాప?" అన్నాడతను. అతనొచ్చి నెలే అయిందట.

అంతే. అంతకుమించి నాకు తెలియదు. పెద్దయ్యాక ఎవరినైనా అడిగితే, పసిపిల్లల్లో చాలామంది కోలుకుంటారనే చెబుతారు. చాలామంది అన్న మాట దగ్గరే నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ పాప బతికుంటే ఎదురింటి అమ్మాయి ఈడుదే. ఎక్కడో సైకిలు తొక్కుతూ ఉంటుంది.

మూడు రోజుల క్రితం బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకి వెళ్ళాను. ఎదురుగా ఆ అమ్మాయి వేపకొమ్మ పక్కన నిలబడి ఉంది, మొహం నిండా పొక్కులతో. నన్ను చూసి గబుక్కున తల దించుకుంది. లోపలికి వెళ్ళలేదు. కమ్మి పట్టుకుని అలాగే నిలబడింది. దాని కళ్ళు నా భుజం మీదుగా మా గుమ్మంలోకి వెతుకుతున్నాయి. దేనికోసమో నాకు తెలుసు.

లోపలికి వెళ్ళి పాపను తెచ్చాను. రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకున్నాను. పాప ఎండకు కళ్ళు చిట్లించి, కాళ్ళు తన్నింది. ఆ అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడిచింది.

"బానే ఉందే! చూడు!" అని అరిచాను.

అత్తగారు లోపలి నుంచి, "ఎండలో పసిదాన్ని ఏం చేస్తున్నావమ్మా?" అంటున్నారు.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం ఎత్తి చూపిస్తున్నాను. ఆ వేళకు తను అక్కడ ఉంటుంది. డాక్టరు చెప్పిన మూడు వారాల్లో ఈ రోజుకు నాలుగు రోజులు అయ్యాయి. ఇంకా పదిహేడు ఉన్నాయి. ఈ పదిహేడులో ఏ పొద్దున్నయినా గౌను ఎత్తితే పొట్ట మీద ఒక నీటి పొక్కు కనిపించవచ్చు. దాన్ని ఆపడానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ రోజు కూడా పాపను బాల్కనీలోకి తీసుకెళ్ళి ఎత్తి చూపించే ధైర్యం నాకు ఉంటుందో లేదో తెలియదు. ఆ అమ్మాయి మాత్రం అక్కడ నిలబడే ఉంటుంది. తలుపు మూసి ఉంటే ఎంతసేపు చూస్తారో నాకు తెలుసు.